మెషిన్ మీద 80 కిలోలు తోస్తున్నా బియ్యం బస్తా ఎందుకు లేవడం లేదు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హనుమకొండలో ఉంటాం. నర్సంపేట వైపు ఒక ఊళ్లో సర్కారు బడిలో టీచర్‌ని, రోజూ బస్సులో పోయి వస్తాను. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. ఒంట్లో బలం తగ్గిందనిపించి మూడు నెలల కింద నక్కలగుట్టలో ఒక జిమ్‌లో చేరాను. పొద్దున ఐదున్నర బ్యాచ్. ట్రైనర్ అన్నీ మెషిన్ల మీదే చేయిస్తున్నాడు. "రాడ్ మీకెందుకు మేడమ్" అంటాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్న మా తమ్ముడేమో మెషిన్లన్నీ దండగ, రాడ్, డంబెల్స్ లాంటి ఫ్రీ వెయిట్సే అసలు వ్యాయామం అంటాడు. కాళ్లతో బరువు తోసే లెగ్ ప్రెస్ మెషిన్ మీద 80 కిలోలు తోస్తున్నాను. అయినా పోయిన నెల 26 కిలోల బియ్యం బస్తా ఎత్తబోతే నడుము పట్టేసింది. నాలుగు రోజులకు తగ్గింది. బరువులు ఎత్తితే గర్భసంచి జారుతుందని మా అత్తమ్మ భయపెడుతోంది. ఎవరి మాట వినాలి? జిమ్ మానేసి ఇంట్లోకి డంబెల్స్ కొనుక్కుంటే సరిపోతుందా?

సమాధానం: టీచర్ గారూ, మీ ట్రైనర్ మాట, మీ తమ్ముడి మాట రెండూ కాసేపు పక్కన పెడదాం. 80 కిలోలు తోసే మనిషికి 26 కిలోల బస్తా దగ్గర నడుము ఎందుకు పట్టేసిందో ముందు చూద్దాం. అది అర్థమైతే మీ మిగతా అనుమానాలు చాలావరకు తీరతాయి.

మన జిమ్‌లలో ఎక్కువగా కనిపించేది 45 డిగ్రీల వాలు ఉన్న లెగ్ ప్రెస్. వాలు మీద బరువును తోస్తున్నప్పుడు దాని భారమంతా కాళ్ల మీద పడదు, 70 శాతం చిల్లర పడుతుంది. మీరు వేసే 80 కిలోల ప్లేట్లలో కాళ్లు తోసేది దాదాపు 57 కిలోలు. ప్లేట్లు ఎక్కించే బండికి సొంత బరువు కూడా ఉంటుంది, అది ఒక్కో మెషిన్‌కు ఒక్కో రకం. ఈ లెక్కను అలా ఉంచినా ఇంకో పెద్ద తేడా ఉంది. అక్కడ మీరు వెనక్కి వాలి కూర్చుంటారు. వీపును సీటు మోస్తుంది. బరువు అటూ ఇటూ పోకుండా పట్టాలు చూసుకుంటాయి. మీ తొడలు, పిరుదులు తోస్తే చాలు, ఇంకే కండరానికీ పెద్దగా పని లేదు.

బస్తా దగ్గర ఈ సాయాలేవీ ఉండవు. అది నేల మీద ఉంటుంది, పట్టుకోవడానికి పిడి ఉండదు, లేపుతుంటే లోపల బియ్యం ఒక పక్కకు జారుతుంది. కాళ్లలో పుట్టిన బలం నడుము గుండా భుజాలకు, అక్కణ్నుంచి చేతులకు చేరాలి. ఆ దారిలో వెన్ను వంగిపోకుండా బిగించి పట్టే కండరాలు ఉన్నాయి చూడండి, మూడు నెలలుగా వాటికి ఎవరూ పని చెప్పలేదు. మీ కాళ్లకు బలం వచ్చింది నిజమే. ఆ బలాన్ని బస్తా దాకా మోసుకుపోయే నడుముకు ఇంకా రాలేదు.

ఫ్రీ వెయిట్స్‌కూ మెషిన్లకూ మధ్య పనికొచ్చే తేడా ఇదొక్కటే అని నా అభిప్రాయం. మెషిన్‌లో బరువు పోవాల్సిన దారిని ఇనుము నిర్ణయిస్తుంది. రాడ్డో డంబెలో పట్టుకుంటే ఆ దారిని మీరే పట్టి ఉంచాలి. కండ పెరగడం వరకే చూస్తే రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ రెండు పద్ధతులను నేరుగా పోల్చిన అధ్యయనాలను కలిపి 2023లో వచ్చిన ఒక సమీక్ష కూడా ఇదే తేల్చింది. బలం సంగతి మాత్రం కొంచెం వేరు. రాడ్‌తో సాధన చేసినవాళ్లు రాడ్‌తో పెట్టిన పరీక్షలో ముందున్నారు. కండరానికి బరువు ఎటునుంచి వచ్చిందన్నది పట్టదు, కానీ ఒక పనిని ఒడుపుగా చేయడం ఆ పని చేస్తేనే ఒంటికి పట్టుబడుతుంది. మీ తమ్ముడు సగం నిజం చెప్పాడు. మెషిన్లు దండగ అన్న మిగతా సగంతో నేను ఒప్పుకోను.

ఎందుకంటే మెషిన్లు ఊరికే పుట్టలేదు. డంబెల్ పట్టుకుని మోచేయి మడిచి చూడండి. ముంజేయి నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు బరువు బాగా తెలుస్తుంది, పైకి వచ్చేసరికి తేలికైపోతుంది. అంటే కండరానికి కదలిక పొడవునా ఒకే రకమైన పని పడటం లేదు. అమెరికాలో ఆర్థర్ జోన్స్ అనే ఆయన 1970లో నాటిలస్ మెషిన్లు తెచ్చింది ఈ లోటు తీర్చడానికే. గుండ్రటి చక్రం బదులు గవ్వలా వంపు తిరిగిన చక్రం పెట్టాడు. గొలుసు దాని మీద తిరుగుతుంటే చేయి ఎక్కడ బలంగా ఉంటుందో అక్కడ బరువు పెరుగుతుంది, బలహీనంగా ఉన్నచోట తగ్గుతుంది. ఇవాళ మీరు కూర్చునే చాలా మెషిన్లలో ఆ ఆలోచన ఏదో ఒక రూపంలో ఉంది. పైగా పొద్దున ఐదున్నరకు, నిద్రమత్తు వదలకముందే, పక్కన పట్టుకునే మనిషి లేకపోయినా కండరం అలసిపోయేదాకా పని చేయించడానికి మెషిన్ కన్నా మంచి సాధనం లేదు. చేయలేకపోతే వదిలేస్తారు, ప్లేట్లు టప్పుమని కిందికి దిగుతాయి, అంతే. బెంచీ మీద పడుకుని రాడ్‌ను పైకి తోసే బెంచ్ ప్రెస్ చేస్తూ అది ఛాతీ మీద ఇరుక్కుంటే పరిస్థితి అలా ఉండదు. మీ తమ్ముడికి చెప్పండి, పక్కన మనిషి లేనప్పుడు, అడ్డంగా సేఫ్టీ రాడ్లు లేనప్పుడు బెంచ్ ప్రెస్ జోలికి పోవద్దని.

అయితే మెషిన్ మీ ఒంటికి సరిపోవాలి. ఇది చాలామంది ట్రైనర్లు చూడకుండా వదిలేసే విషయం, నాకు బాధ కలిగించే విషయం కూడా. చాలా మెషిన్ల కొలతలు పొడుగాటి మగవాళ్లకు కుదిరినట్టుగా మనవైపు ఆడవాళ్లకు కుదరవు. మోకాళ్లు చాచి బరువు లేపే లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్ మీద కూర్చున్నప్పుడు ఒకసారి పక్కకు వంగి చూడండి. మెషిన్ చేయి తిరిగే ఇరుసు, మీ మోకాలి కీలు ఒకే వరసలో ఉండాలి. మీరు పొట్టిగా ఉండి, సీటు వెనక్కి ఉండిపోతే మోకాలు ఇరుసుకు వెనకే ఆగిపోతుంది. అప్పుడు మెషిన్ ఒక వంపులో, మీ కాలు ఇంకో వంపులో తిరుగుతాయి. రెండింటి మధ్య నలిగేది మోకాలి చిప్ప. వెనకాల ఉన్న ప్యాడ్ ముందుకు జరపండి. జరగకపోతే వీపు వెనక దిండులాంటిది పెట్టుకోండి. ఛెస్ట్ ప్రెస్‌లో పిడులు భుజాల ఎత్తున ఉంటే సీటు ఇంకొంచెం పైకి లేపి, పిడులు ఛాతీ మధ్యకు వచ్చేలా చూసుకోండి. ముందు వాడినవాళ్లు వదిలిన సెట్టింగ్ మీద ఎప్పుడూ కూర్చోవద్దు.

ఇంకో మాట. మెషిన్ మీద రాసిన అంకె ఆ మెషిన్ వరకే. కొన్ని కేబుల్ మెషిన్లలో తాడు కదిలే కప్పీ మీదుగా తిరిగి వస్తుంది. అలాంటిచోట పిన్ను 20 దగ్గర పెడితే చేతికి తెలిసేది పదే. పక్క మెషిన్‌లో అదే 20 నిజంగా 20 కావచ్చు. అందుకే మీ 80ని పక్కావిడ 60తో పోల్చుకోవద్దు, బస్తా బరువుతో అసలే వద్దు. అదే మెషిన్ మీద మీరు పోయిన నెల చేసినదానితో పోల్చుకుంటే చాలు.

ఇప్పుడు బస్తా సంగతి. మీరు ఫ్రీ వెయిట్స్‌లో తప్పకుండా నేర్చుకోవాల్సింది నేల మీది బరువును లేపడం. మిగతావన్నీ తర్వాత.

మొదట బరువేమీ వద్దు. గోడకు వీపు పెట్టి, ఒక అడుగు ముందుకు జరిగి నిలబడండి. మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులను వెనక్కి తోస్తూ గోడకు తాకించండి. ఛాతీ దానంతటదే ముందుకు వంగుతుంది. ఇప్పుడు ఇంట్లో చీపురు కర్రో, బూజు కర్రో వీపు మీద నిలువునా పట్టుకుని అదే చేయండి. కర్ర తల వెనక, భుజాల మధ్య, తోక ఎముక దగ్గర మూడుచోట్లా తగిలి ఉండాలి. వంగేటప్పుడు ఏ ఒక్కచోట వదిలినా వెన్ను గుండ్రంగా అవుతున్నట్టే. చాలామంది టీచర్లకు, రోజంతా నోట్‌బుక్‌ల మీద వంగి దిద్దే అలవాటు వల్ల, భుజాల మధ్య కర్ర తగులుతుంది కానీ తోక ఎముక దగ్గర వదిలేస్తుంది. తుంటి దగ్గర వంగాల్సింది నడుము దగ్గర వంగుతుంటారు. రోజుకు పది సార్ల చొప్పున రెండు వారాలు చేస్తే ఆ కదలిక ఒంటికి పడుతుంది. బస్టాండ్‌లో బ్యాగు తీసుకునేటప్పుడు కూడా అలాగే వంగుతారు.

ఆ తర్వాత 8 కిలోల డంబెల్ ఒకటి నిలువుగా రెండు చేతులా పట్టుకుని ఇదే కదలిక చేయండి. తేలికైతే 10, ఆ పైన 12. డంబెల్‌ను మొదటి రోజుల్లో నేల మీద పెట్టకండి, ఒక స్టెప్పర్ మీదో బెంచీ మీదో పెట్టి అక్కణ్నుంచి లేపండి. వారాలు గడిచేకొద్దీ ఎత్తు తగ్గించుకుంటూ నేలకు రావచ్చు.

రాడ్ దాకా వచ్చాక ఒక చిక్కు ఉంటుంది, ముందే చెబుతున్నా. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు. అందువల్ల రాడ్ నేల నుంచి 22 సెంటీమీటర్ల చిల్లర ఎత్తులో, పిక్కల మధ్యలో ఉంటుంది. మన జిమ్‌లలో ఐదు, పది కిలోల ఇనుప ప్లేట్లు అంతకన్నా బాగా చిన్నవి. అవి వేస్తే రాడ్ దాదాపు చీలమండల దగ్గరికి పోతుంది. అంత కిందికి వెన్ను వంచకుండా పోవడం కొత్తవాళ్లకు కష్టం. డెడ్‌లిఫ్ట్ (రాడ్‌ను నేల మీంచి లేపడం) చేస్తే నడుము పోయిందని చెప్పేవాళ్లలో కొందరి కథ వెనక ఈ చిన్న ప్లేట్లే ఉంటాయని నా అనుమానం. పరిష్కారం తేలిక. రెండు పక్కలా కింద పెద్ద రబ్బరు ప్లేట్లు పడుకోబెట్టి, వాటి మీద మీ ప్లేట్లు ఆనేలా పెట్టండి. ఇంకోటి, రాడ్ బరువు అడిగి తెలుసుకోండి. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో మగవాళ్ల రాడ్ 20 కిలోలు, ఆడవాళ్లది 15. మామూలు జిమ్‌లలో పొట్టివి, సన్నవి, అంతకన్నా తేలికైనవి ఉంటాయి. తెలియకపోతే బరువు చూసుకునే మెషిన్ మీద రాడ్‌ను నిలబెట్టి చూడండి.

లేపేటప్పుడు బరువు ఒంటిని అంటిపెట్టుకుని ఉండాలి. నడుముకు జానెడు దూరంలో ఉన్న బరువు మూరెడు దూరానికి పోతే వెన్ను మీద దాని భారం రెట్టింపవుతుంది. మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతే హమాలీలను గమనించండి, బస్తాను ఒంటికి దూరంగా చేతుల్లో వేలాడదీసుకుని మోసేవాళ్లు కనిపించరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది కదా, ఆ వీడియో చూడండి. రాడ్ ఆమె ఒంటిని దాదాపు రాసుకుంటూ పైకి పోతుంది. మీ బియ్యం బస్తాకూ ఇదే పద్ధతి. బస్తాను ముందు నిలబెట్టండి. ఒక మోకాలు నేలకు ఆనించి, బస్తాను కౌగిలించుకుని, రెండో తొడ మీదికి జరపండి. అక్కడ ఒక క్షణం ఆగి, ఛాతీకి హత్తుకుని లేవండి. ఎత్తుకుని ఉన్నప్పుడు నడుము తిప్పవద్దు, పాదాలు తిప్పండి.

మీ అత్తమ్మ భయాన్ని కొట్టిపారేయకండి. మన ఊళ్లలో కాన్పయిన కొన్నాళ్లకే నాట్లకు, కట్టెల మోపులకు పోయిన ఆడవాళ్లకు ఆ బాధ వచ్చేది. ఆమె చూసి ఉంటుంది. కాన్పులు, వయసు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, అధిక బరువు, వీటన్నిటితో గర్భసంచిని కింద నుంచి మోసే కటి కండరాలు సడలినప్పుడు గర్భసంచి జారుతుంది. విపరీతమైన మోత కూడా అందులో ఒక కారణమే. కానీ 8 కిలోలతో మొదలుపెట్టి నెలల మీద పెంచుకుంటూ పోయేది ఆ కోవలోకి రాదు. కింద ఏదో జారుతున్నట్టు, బరువుగా ఉన్నట్టు అనిపించినా, తుమ్మినా దగ్గినా మూత్రం చుక్కలు పడుతున్నా మాత్రం ముందు గైనకాలజిస్టును కలవండి. కటి కండరాల వ్యాయామాలు నేర్చుకున్నాకే బరువులు. సిగ్గుపడి దాచుకునే విషయం కాదిది.

సిజేరియన్ గురించి మీ ట్రైనర్ అడిగాడా? అడగకపోతే మీరే చెప్పండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే. లేడీస్ బ్యాచ్ నడిపే ప్రతి జిమ్‌లో చేర్చుకునేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఇది. కాన్పుల తర్వాత కొందరికి పొట్ట మధ్యలో కండరాలు ఎడంగా ఉండిపోతాయి, కోత పెట్టినా పెట్టకపోయినా. వెల్లకిలా పడుకుని తల, భుజాలు కొద్దిగా లేపి, బొడ్డు పైనా కిందా వేళ్లతో నొక్కి చూడండి. మధ్యలో రెండు వేళ్లకన్నా వెడల్పుగా గుంట తగిలినా, పొట్ట గట్టులా పైకి ఉబ్బినా, బరువులు పెంచేముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవడం మంచిది. కోత దగ్గర ఉబ్బు కనిపిస్తే హెర్నియా కావచ్చు, అప్పుడు డాక్టర్ చూసేదాకా ఏదీ ఎత్తకండి. మామూలుగా లేపేటప్పుడు కూడా ముక్కి ఊపిరి బిగపట్టవద్దు, లేస్తూ నోటితో ఊపిరి వదలండి. బీపీ ఉంటే ఇది ఇంకా ముఖ్యం. నడుము నొప్పి మళ్లీ వచ్చి కాలిలోకి దిగినా, తిమ్మిర్లు పట్టినా జిమ్‌కు కాదు, ఆస్పత్రికి పోవాలి.

మీ ట్రైనర్ మీద కోపం పెట్టుకోవద్దు. పొద్దున బ్యాచ్‌లో అంతమందిని ఒక్కడే చూసుకోవాలంటే మెషిన్ల మీద కూర్చోబెట్టడమే అతనికి దారి. రాడ్ నేర్పాలంటే మీ పక్కనే నిలబడి ప్రతిసారీ వీపు చూడాలి. "నాకు రాడ్ వద్దులెండి, డంబెల్‌తో నేల మీంచి లేపడం ఒక్కటి నేర్పండి, వారానికి రెండు రోజులు పదిహేను నిమిషాలు చాలు" అని అడగండి. దానికీ వద్దంటే, లేదా మీ వీపు చూడకుండా ఫోన్ చూస్తూ నేర్పితే, వేరే ట్రైనర్‌ను వెతుక్కోండి.

వారంలో రెండు రోజులు ఇలా పెట్టుకోండి. వార్మప్ అయ్యాక, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే ముందు ఫ్రీ వెయిట్స్. నేల మీంచి లేపడం, డంబెల్‌ను ఛాతీకి హత్తుకుని గుంజీలు, తర్వాత రెండు చేతుల్లో రెండు డంబెల్స్ పట్టుకుని నిటారుగా నడవడం. అలసిపోయాక మెషిన్లకు రండి. కడ్డీని పైనుంచి కిందికి లాగే లాట్ పుల్‌డౌన్, ఛెస్ట్ ప్రెస్, మీకు ఇష్టమైన లెగ్ ప్రెస్, అన్నీ ఉంచుకోండి. ఒక్కోటి రెండు మూడు సెట్లు, సెట్టుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, ఇంకో రెండు చేయగలను అనిపించినప్పుడే ఆపండి. అన్ని సెట్లలోనూ పన్నెండు నిలకడగా వస్తే బరువు పెంచండి. మెషిన్ పిన్ను ఒక్క మెట్టు దించితే చాలాచోట్ల ఐదు కిలోలు పెరుగుతుంది, భుజాలకు అది పెద్ద దూకుడే. అక్కడ ముందు పదిహేను సార్ల దాకా పోయి, అప్పుడు మార్చండి. మూడో రోజు జిమ్‌కు పోతే మెషిన్లు మాత్రమే చేసినా నష్టం లేదు. తిండి విషయంలో ఒక్క మాట, పొద్దున జిమ్ నుంచి వచ్చి ఉత్త ఉప్మా తిని బస్సెక్కకండి. రెండు గుడ్లో, గిన్నెడు ఉడికించిన పెసలో దానికి తోడు ఉండాలి.

మీ తమ్ముడి దారి వేరు. కానిస్టేబుల్ ఎంపికలో అతనికి 1600 మీటర్ల పరుగు ఉంది, లాంగ్ జంప్ ఉంది, 7.26 కిలోల షాట్‌పుట్ ఉంది. నిలబడి, నేలను తన్ని, ఒళ్లంతా ఒకేసారి వాడాల్సిన పనులవి. అతనికి రాడ్, డంబెల్స్ ఎక్కువగా పనికొస్తాయి, పరుగు ఇంకా ఎక్కువ. అతని అవసరానికి అతని మాట సరైనదే.

ఇంట్లోకి డంబెల్స్ కొనడం జిమ్‌కు బదులుగా అయితే ఇప్పుడే వద్దు, వీపు చూసి చెప్పే మనిషి కొన్ని నెలలు ఉండాలి. జిమ్‌కు పోలేని రోజుల కోసమైతే, కొనేముందు ఇంట్లో రెండు బకెట్లు చూడండి. పదిహేను లీటర్ల నీళ్లు పడితే పదిహేను కిలోలు. సగం నింపి రెండు చేతులా పట్టుకుని డాబా మీద ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడవండి, వారం వారం నీళ్లు పెంచండి. అప్పటికీ కావాలనిపిస్తే ప్లేట్లు మార్చుకునే డంబెల్స్ జత కొనండి. పైన ప్లాస్టిక్, లోపల సిమెంటు నింపిన ప్లేట్లు చవకగా వస్తాయి కానీ లావుగా ఉండి కాళ్లకు తగులుతాయి, ఇనుపవి నయం. ఒకటిన్నర కిలోలకు మించని చిన్న ప్లేట్లు కనీసం నాలుగు ఉండేలా చూసుకోండి. దుకాణంలోనే కాంటా మీద పెట్టించి అసలు బరువు చూడండి, చివర నట్లు బిగుసుకుంటున్నాయో లేదో మీ చేత్తో తిప్పి చూశాకే డబ్బులివ్వండి.